ముప్పై అడుగుల ఐదు సెంట్ల బిళ్ళ

(ఈ గాథలో ఊరి జనం నోట వినిపించే మాటలు సన్నివేశం కోసం రాసుకున్నవి. మనుషులు, ఏళ్ళు, కొలతలు, జరిగిన సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.)

1963. కెనడాలో ఊరూరా ఒకటే హడావుడి. ఇంకో నాలుగేళ్ళలో దేశానికి నూరేళ్ళు నిండుతాయి. 1867లో సమాఖ్యగా ఏర్పడిన కెనడా 1967లో పెద్ద పండగ చేసుకోబోతోంది. ప్రతి ఊరూ తనదంటూ ఏదో ఒకటి కట్టుకోవాలని పైనుంచి ప్రోత్సాహం. గ్రంథాలయం కడతామన్న ఊళ్ళు కొన్ని, హాకీ స్టేడియం కడతామన్న ఊళ్ళు కొన్ని. అంటారియో రాష్ట్రంలో టొరంటోకు ఉత్తరంగా దాదాపు 400 కిలోమీటర్ల దూరంలో సడ్‌బరీ అనే గనుల పట్నం ఉంది. అక్కడా ఒక కమిటీ కూర్చుంది. ఏం కడితే బాగుంటుందో చెప్పండని జనాన్నే సలహా అడిగింది.

ఆ పిలుపు అందుకున్నవాళ్ళలో టెడ్ సిల్వా ఒకడు. ఊళ్ళో ఫైర్‌మన్. గంట మోగితే బండెక్కి మంటలార్పడం అతని ఉద్యోగం. ఇంజనీరు కాదు, శిల్పి కాదు, డబ్బున్న ఆసామీ అసలే కాదు. అయినా కమిటీకి అతను పంపిన సలహా చిన్నదేమీ కాదు. ఊరి కొండరాయి మీద ముప్పై అడుగుల ఎత్తున ఐదు సెంట్ల నాణెం నిలబెట్టాలి. దాని కింద, జనం దిగి చూసేలా నిజమైన గని ఒకటి తవ్వాలి. పక్కన గనుల శాస్త్రం గురించి చెప్పే ప్రదర్శనశాల ఒకటి ఉండాలి.

ఐదు సెంట్ల నాణేన్ని కెనడాలో నికెల్ అంటారు. సడ్‌బరీ నేల కింద దొరికేదీ నికెలే. ఊరికి అన్నం పెట్టేది అదే. అలాంటప్పుడు ఊరి గుర్తు ఏదై ఉండాలో ఎవరినీ అడగక్కర్లేదు, సిల్వా దృష్టిలో.

కమిటీ దృష్టిలో మాత్రం అది పనికిరాని సలహా. పక్కన పడేశారు.

ఆ రోజుల్లో అలాంటి కమిటీలు ఎలా నడిచేవో ఊహించుకోవడం కష్టం కాదు. పొడవాటి బల్ల, కాఫీ కప్పులు, టై కట్టుకున్న పెద్దమనుషులు, ముందు కాయితాల కట్ట. ఒక్కో కాయితం తీస్తారు, చదువుతారు, పక్కకు నెడతారు. ఈ కాయితం వంతు వచ్చేసరికి ఒకాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని ఉంటాడు.

"ఐదు సెంట్ల బిళ్ళా? ముప్పై అడుగులా? రాసింది ఎవరండీ?"

"ఫైర్ స్టేషన్ కుర్రాడు."

"తర్వాతది తీయండి."

ఆ పెద్దమనుషుల్ని మరీ తప్పుపట్టలేను. అదే శతజయంతి కోసం ఆల్బర్టాలో సెయింట్ పాల్ అనే చిన్న ఊరు ఏం కట్టిందో తెలుసా? ఎగిరే పళ్ళేలు దిగడానికి కాంక్రీటు వేదిక! 1967 జూన్‌లో దానికి ప్రారంభోత్సవం కూడా జరిగింది. ఇప్పటికీ ఉంది, పళ్ళేలే ఇంకా రాలేదు. అలాంటి వాటితో పోలిస్తే నాణెం ఆలోచన చాలా బుద్ధిమంతమైనది. కానీ సడ్‌బరీ పెద్దలకు అది రుచించకపోవడానికి కారణం వేరే ఉందని నా అనుమానం. అది తెలియాలంటే ఆ ఊరి నేలను చూడాలి.

* * *

185 కోట్ల ఏళ్ళ కిందట ఆకాశం నుంచి ఒక మహాశిల వచ్చి ఇక్కడ పడింది. భూమి పైపొర పగిలి, కరిగి, మళ్ళీ గట్టిపడింది. ఆ కరిగిన రాతిలోంచి నికెల్, రాగి కిందికి దిగి పేరుకున్నాయి. ఈ సంగతి శాస్త్రజ్ఞులకు కూడా చాలాకాలం తెలియదు. అమెరికా భూవిజ్ఞాని రాబర్ట్ డీట్జ్ ఈ ప్రాంతమంతా ఒక ఉల్కాపాతపు గాయమని వాదిస్తూ వ్యాసం అచ్చువేసింది 1964లో. సరిగ్గా మన కథ జరిగిన ఏడాదే.

ఊరు పుట్టింది మాత్రం రైలు వల్ల. 1883లో కెనడియన్ పసిఫిక్ రైలు మార్గం కోసం అడవిలో రాళ్ళు కొడుతుంటే తుప్పు రంగు రాయి ఒకటి బయటపడింది. దాన్ని మొదట గమనించింది రైల్వేలో కమ్మరి పని చేసే థామస్ ఫ్లానగన్ అని చెప్తారు. రాగి దొరికిందని సంబరపడ్డారు. అందులో కలిసున్న నికెల్‌ను ఏం చేసుకోవాలో మొదట్లో ఎవరికీ పాలుపోలేదు. యుద్ధనౌకల కవచాల్లో నికెల్ కలిపితే ఉక్కు గట్టిపడుతుందని తేలాక సడ్‌బరీ జాతకం మారిపోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో ప్రపంచానికి అందిన నికెల్‌లో సింహభాగం ఈ గుంటలోంచి తవ్విందే. ఊరి మీద చాలాకాలం పెత్తనం చేసిన ఇన్కో కంపెనీ 1902లో ఏర్పడింది.

దానికి చెల్లించిన ధర కంటికి కనిపించేది. తొలినాళ్ళలో ఖనిజాన్ని ఆరుబయట కట్టెల మీద గుట్టలుగా పోసి నిప్పంటించేవారు. నెలల తరబడి అలా కాలుతూనే ఉండేది. కట్టెల కోసం చుట్టుపక్కల అడవి నరికేశారు. మిగిలిన చెట్లను గంధకం పొగ తినేసింది. వేళ్ళు పట్టుకోక మట్టి వానకు కొట్టుకుపోయింది. మట్టి పోయాక బయటపడ్డ రాయి ఆమ్లం కలిసిన పొగకు నల్లబడిపోయింది. దాదాపు 20,000 హెక్టార్లు గడ్డి పరక కూడా మొలవని బీడు. ఇంకో 80,000 హెక్టార్లలో పొదలు తప్ప ఏమీ లేవు. తర్వాత 1971లో, 72లో అపోలో 16, 17 వ్యోమగాములు ఇక్కడికి వచ్చి శిక్షణ పొందారు. ఊరు చంద్రమండలంలా ఉంది కాబట్టే వచ్చారని కెనడా అంతా నవ్వుకుంది. నిజానికి వాళ్ళు వచ్చింది ఉల్కాపాతం గుర్తులున్న రాళ్ళను చదవడం నేర్చుకోవడానికి. ఎంత చెప్పినా ఊరివాళ్ళకు ఆ ఎగతాళి తప్పలేదు.

ఇలాంటి ఊరి పెద్దలు నూరేళ్ళ పండగకు ఏం కోరుకుంటారు? పార్కు, ఫౌంటెన్, తెల్లటి భవనం. అంటే గనుల ఊరని గుర్తుచేయని వస్తువు ఏదైనా సరే. వాళ్ళ ముందుకు ఒక ఫైర్‌మన్ వచ్చి, పొగగొట్టం బొమ్మ ఉన్న నాణేన్ని కొండంత చేసి నిలబెడదామంటున్నాడు. ఒప్పుకోవడం ఎలా?

అవును, పొగగొట్టం బొమ్మే. అతను ఎంచుకున్న నాణెం 1951 నాటిది. 1751లో స్వీడన్‌కు చెందిన క్రోన్‌స్టెట్ అనే రసాయనవేత్త నికెల్‌ను విడి లోహంగా గుర్తించాడు. ఆ సంగతికి 200 ఏళ్ళు నిండాయని కెనడా టంకశాల ప్రత్యేకంగా వేసిన బిళ్ళ అది. ఒకవైపు ఆరో జార్జి రాజు తల. రెండోవైపు స్టీఫెన్ ట్రెంకా గీసిన నికెల్ శుద్ధి కర్మాగారం, దాని మధ్య నిటారుగా పెద్ద పొగగొట్టం. బొమ్మ రాజుగారిది, బొరుసు కార్మికుడిది అన్నమాట. నాణెం గుండ్రంగా కాక పన్నెండు పలకలుగా ఉంటుంది. చేత్తో తడిమితే అంచు మీద పలకలు తెలుస్తాయి. పరిమాణంలో దాదాపు మన రూపాయి బిళ్ళంత.

ఇందులో ఒక చిత్రం ఉంది. నికెల్‌ను గౌరవిస్తూ స్వచ్ఛమైన నికెల్‌తో ఆ నాణెం వేసిన ఏడాదే కొరియా యుద్ధానికి నికెల్ కరువొచ్చింది. అదే 1951లో మామూలు ఐదు సెంట్ల బిళ్ళను ఉక్కుతో వేయడం మొదలుపెట్టారు. ఇలాంటివి నాణేలు సేకరించేవాళ్ళకు నోటికి వచ్చు. వాళ్ళే సిల్వాను గట్టెక్కించారు.

* * *

కాయితం తిరిగొచ్చాక చాలామంది అయితే ఊరుకుంటారు. నాలుగు రోజులు కమిటీని తిట్టుకుని మర్చిపోతారు. సిల్వా మాత్రం కమిటీ కట్టకపోతే తానే కడతానని బయల్దేరాడు. ఊరి డబ్బు వద్దు, ప్రభుత్వం డబ్బు వద్దు.

మరి డబ్బు ఎక్కడిది? అక్కడే ఫైర్‌మన్ తెలివి కనిపిస్తుంది. అప్పట్లో కెనడా, అమెరికాల్లో నాణేల పిచ్చి బాగా ముదిరి ఉంది. పిల్లల దగ్గర్నుంచి రిటైరైన ఉద్యోగుల దాకా డబ్బాల్లో, ఆల్బమ్‌లలో నాణేలు దాచుకునేవారు. వాళ్ళ కోసమే నడిచే పత్రికలుండేవి. సిల్వా తన పార్కు పేరుతో పతకాలు పోయించి ఆ సేకర్తలకు అమ్మాడు. ఎన్నడూ సడ్‌బరీ ముఖం చూడనివాళ్ళు, ఆ ఊరు పటంలో ఎక్కడుందో తెలియనివాళ్ళు పతకాలు కొన్నారు. తన ఊరి పెద్దలు ఇవ్వని డబ్బు ఎక్కడెక్కడి అపరిచితులో ఇచ్చారు.

తర్వాతిది స్థలం. కమిటీ వద్దన్నంత మాత్రాన సొంత భూమిలో కట్టుకోవడానికి అడ్డేముంది అనుకుంటాం. ఊరి పొలిమేర లోపల కట్టాలంటే ప్లాన్ అప్రూవల్ కావాలి. ఆ అప్రూవల్ రాలేదు. ఈ సన్నివేశం మన మునిసిపల్ ఆఫీసుల చుట్టూ తిరిగినవాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

"ఇది ఇల్లా?"

"కాదండీ."

"దుకాణమా? గోడౌనా?"

"నాణెమండీ."

"నాణేనికి మా రిజిస్టర్‌లో గడి లేదు."

దానికి సిల్వా దగ్గర ఉన్న జవాబు చాలా సూటిది. ఊరి సరిహద్దు ఎక్కడ ముగుస్తుందో చూసుకున్నాడు. గీత దాటి ఆ పక్కనే నేల కొన్నాడు. ఊళ్ళోంచి చూస్తే నాణెం ఊళ్ళోనే ఉన్నట్టు ఉంటుంది. కాయితాల మీద మాత్రం ఊరికి ఆ నాణెంతో సంబంధం లేదు.

ఆ నేల ఎంపికలో ఇంకో సొగసుంది. ఎదురుగా కాపర్ క్లిఫ్‌లో ఇన్కో కొలిమి. అక్కడ రోజూ ఖనిజం కరగ్గా మిగిలిన చిట్టాన్ని పెద్ద పెద్ద కుండల్లో రైలు మీద తెచ్చి గుట్ట అంచున ఒంపేవారు. రాత్రిపూట ఆ ద్రవం ఎర్రగా, నిప్పుల జలపాతంలా కిందికి జారుతుంటే ఆకాశం కూడా ఎర్రబడేది. పనిలేనివాళ్ళు, ప్రేమికులు, పిల్లల్ని వెంటబెట్టుకున్న తల్లిదండ్రులు కార్లు ఆపుకుని చూసేవారు. పెద్దలు దాచిపెట్టాలనుకున్నదాన్ని చూడ్డానికే జనం రాత్రిళ్ళు కార్లేసుకుని వస్తున్నారన్నమాట. కమిటీ బల్ల దగ్గర ఎవరికీ తట్టని సంగతి ఇది.

నాణెం తయారీ శిల్పి బ్రూనో కవాలో చేతికి వచ్చింది. లెక్క ఒకసారి చూడండి. అసలు నాణెం అడ్డం కొలత 21 మిల్లీమీటర్ల పైచిలుకు. కట్టవలసింది ముప్పై అడుగులు, అంటే 9 మీటర్లు దాటి. నాలుగు వందల ముప్పై రెట్లు పెంచాలి. నాణెం మీద రాజుగారి చెవి వెంట్రుకవాసి మందంగా కనిపిస్తే, ఇక్కడ అది మనిషి రెండు చేతులతో పట్టుకోవాల్సిన ముక్క అవుతుంది. బిళ్ళ మందం రెండడుగులు. ఘనపరిమాణంలో అసలు నాణెం కంటే 6 కోట్ల 46 లక్షల రెట్లు పెద్దదని లెక్క కట్టారు. ఉపరితలానికి వాడింది స్టెయిన్‌లెస్ స్టీలు. అంటే నికెల్ నాణేన్ని నికెల్‌తో చేయలేదని ఎవరైనా వెక్కిరిస్తే జవాబు సిద్ధంగా ఉంది. మంచి రకం స్టెయిన్‌లెస్ స్టీలులో నూటికి ఎనిమిది పాళ్ళు నికెలే ఉంటుంది. మన వంటింట్లో మెరిసే గిన్నెల్లో కూడా చాలావాటిలో ఎంతో కొంత ఉంటుంది.

వేసవి గడుస్తుంటే కొండరాయి మీద ఇనుప చట్రం లేచింది. ఇన్కోలో షిఫ్టు దిగి లంచ్ బాక్సు చేత్తో ఊపుకుంటూ ఇంటికి పోయే కార్మికులకు అది దారిలో కనిపించే వింత.

"ఏం కడుతున్నాడు?"

"నికెల్."

"రోజంతా తవ్వేది చాలదా? మళ్ళీ పైన కూడానా?"

వెక్కిరింతగానే మొదలై ఉంటుంది. కానీ చట్రం మీద రేకులు ఎక్కి, రాజుగారి ముక్కు, ఆ వెనక కర్మాగారం గోడలు, కిటికీలు, మధ్యలో పొగగొట్టం కనిపించసాగాక వెక్కిరించడం అంత సులువు కాదు. బొరుసు వైపు ఉన్నది వాళ్ళ కర్మాగారం. టోపీ పెట్టుకుని పనిలోకి పోయే తమ బతుకు మీద ఇంతకాలం ఎవరూ ఇంత ఖర్చుపెట్టలేదు.

1964 జులై 22. బిగ్ నికెల్ పూర్తయి జనం ముందుకొచ్చింది. శతజయంతికి ఇంకా మూడేళ్ళుంది. ఖర్చు 35,000 డాలర్ల దాకా అయిందని లెక్క. శతజయంతి కమిటీ వద్దన్న కట్టడం శతజయంతి కంటే ముందే నిలబడింది. పైగా సిల్వా ఆ స్థలానికి పెట్టిన పేరేమిటో చూడండి: కెనడా శతజయంతి నాణేల పార్కు! పండగ పేరునే తన గేటుకు తగిలించుకున్నాడు. ఇంత మర్యాదైన ప్రతీకారం నేను ఇంకెక్కడా చూడలేదు.

తర్వాత ఆ పార్కులో మరికొన్ని పెద్ద నాణేలు లేచాయి. అమెరికా లింకన్ పెన్నీ, 20 డాలర్ల బంగారు నాణెం లాంటివి. సిల్వా సలహాలోని రెండో ముక్కా నిజమైంది. నాణెం పక్కనే బండ తొలిచి గని తవ్వారు. హెల్మెట్ పెట్టుకుని కిందికి దిగి, గని చీకటి ఎలా ఉంటుందో, డ్రిల్లు మోత ఎలా ఉంటుందో చూసే వీలు వచ్చింది. గనిలో పనిచేసే భర్త రోజూ ఎక్కడికి పోతున్నాడో ఆ ఊరి ఆడవాళ్ళలో ఎంతమంది మొదటిసారి అక్కడ చూశారో. నాకైతే ముప్పై అడుగుల నాణెం కంటే ఆ గనే గొప్పగా అనిపిస్తుంది. నాణెం దారిన పోయేవాళ్ళ కోసం, గని ఊరివాళ్ళ కోసం.

* * *

అదే 1964 డిసెంబర్ 22న, భూగోళానికి అవతల పక్క, ఆస్ట్రేలియాలో కాఫ్స్ హార్బర్ దగ్గర హైవే పక్కన 13 మీటర్ల కాంక్రీటు అరటిపండు వెలిసింది. జాన్ లాండీ అనే తోటయజమాని తన అరటిపళ్ళ అంగడి ముందు కార్లు ఆగాలని కట్టించుకున్నాడు. 1966లో అమెరికాలోని టల్సాలో చమురు బావి కార్మికుడి విగ్రహం, 75 అడుగుల గోల్డెన్ డ్రిల్లర్, శాశ్వతంగా నిలబడింది. కార్లు పెరిగాయి, రోడ్లు బాగుపడ్డాయి, జనం సెలవులకు ఊళ్ళు తిరగడం మొదలుపెట్టారు. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో పోయేవాడి కంటికి ఆనాలంటే ఊరి పంట అయినా, ఊరి గని అయినా కొండంత కావాల్సిందే.

తర్వాత ఆ ఊళ్ళ గతి ఏమైందో చూస్తే తమాషాగా ఉంటుంది. చమురు కంపెనీలు టల్సా వదిలి హ్యూస్టన్ పోయాయి, కార్మికుడి విగ్రహం ఉండిపోయింది. ఆస్ట్రేలియాలో అరటి సాగు చాలామటుకు ఉత్తరాన క్వీన్స్‌లాండ్‌కు తరలిపోయింది. కాఫ్స్ హార్బర్ కొండల మీద ఇవాళ ఎక్కువ కనిపించేది బ్లూబెర్రీ. ఆ తోటల్లో చాలా వాటికి యజమానులు పక్కనే వుల్‌గూల్గాలో స్థిరపడిన మన పంజాబీ సిక్కు కుటుంబాలవాళ్ళు. పండు మారింది, కాంక్రీటు అరటి మారలేదు. ఆస్ట్రేలియాలోనే ఇంకో ఊరు గౌల్బర్న్. ఉన్నికి పేరుపడ్డ ఊరు కాబట్టి 1985లో 15 మీటర్ల ఎత్తున కాంక్రీటు పొట్టేలు కట్టారు. 1992లో కొత్త హైవే ఊరి పక్కనుంచి పోయింది, పొట్టేలు దగ్గర ఆగేవాళ్ళు కరువయ్యారు. 2007లో ఆ పొట్టేలునే లేపి రోడ్డు దగ్గరికి మోసుకెళ్ళారు!

బిగ్ నికెల్‌కు అలాంటి అవస్థ రాలేదు. వచ్చిన కష్టాలు వేరు.

1978 సెప్టెంబర్‌లో ఇన్కో కార్మికులు సుమారు 11,600 మంది సమ్మెకు దిగారు. తొమ్మిది నెలలకు దగ్గరగా, 1979 జూన్ దాకా పని ఆగింది. చలికాలం మైనస్ ముప్పై దాకా పడిపోయే ఊళ్ళో జీతం లేకుండా తొమ్మిది నెలలు! దుకాణాలు అరువిచ్చాయి, భార్యలు సంఘం కట్టి సరుకులు పంచారు. ఆ చలికాలమంతా కొండ మీద ముప్పై అడుగుల నాణెం మెరుస్తూనే ఉంది, ఇళ్ళలో మాత్రం అసలు నాణేలు లేవు. పరిశ్రమ గుర్తును ఊరి గుర్తుగా పెట్టుకుంటే ఇలాంటి రోజులూ వస్తాయి. బొరుసు మీద కంపెనీ కర్మాగారమే కదా ఉంది. సమ్మెలో ఉన్నవాడికి అది తన పనిలా కనిపించిందా, యజమాని గేటులా కనిపించిందా? రెండూ అయి ఉంటుంది.

సరిగ్గా ఆ ఏడాదే, 1978లోనే, ఊరు తన నల్లరాళ్ళను పచ్చగా చేసే పనికి పూనుకుంది. యంత్రాలు ఎక్కలేని బండల మీదికి విద్యార్థులు, పని పోయిన కార్మికులు సున్నపురాయి పొడి సంచులు మోసుకెళ్ళి చేతులతో చల్లారు. నేలలో ఆమ్లం తగ్గాక గడ్డి, గడ్డి తర్వాత మొక్కలు. ఆ పని ఇంకా సాగుతూనే ఉంది. 2022 జులైలో కోటో మొక్కను జేన్ గుడాల్, అప్పటి ప్రధాని ట్రూడో కలిసి నాటారు. అంతకు ముందు, 1972లో, కంపెనీ తన వంతుగా 381 మీటర్ల పొగగొట్టం కట్టింది. సూపర్‌స్టాక్ అని పేరు. అది చేసిందల్లా సడ్‌బరీ పొగను దూరపు ఊళ్ళ మీదికి పంపడం. ఊళ్ళో గాలి తేలికపడింది నిజమే, పొగ మాత్రం తగ్గలేదు. గంధకాన్ని పట్టి ఆపే యంత్రాలు తర్వాత వచ్చాయి. 2020లో ఆ గొట్టం పని పూర్తిగా ఆపేశారు, విప్పేయాలని నిర్ణయించారు. ఇన్కో పేరు కూడా పోయింది. 2006లో బ్రెజిల్‌కు చెందిన వాలే కంపెనీ కొనేసింది.

సిల్వా కోరిక మూడో ముక్క, గనుల శాస్త్రం చెప్పే ప్రదర్శనశాల, అతని చేతుల మీదుగా కాకపోయినా నెరవేరింది. 1984లో సడ్‌బరీలో సైన్స్ నార్త్ అనే పెద్ద విజ్ఞాన కేంద్రం తెరిచారు, సిల్వా పార్కూ గనీ దాని కిందికి వచ్చాయి. మిగతా పెద్ద నాణేలు ఆ దశకంలో తీసేశారు. బిగ్ నికెల్‌ను మాత్రం ముట్టుకోలేదు. 2001లో ఆ స్థలంలో డైనమిక్ ఎర్త్ అనే గనుల ప్రదర్శనశాల కట్టడం కోసం నాణేన్ని దించి సైన్స్ నార్త్ ఆవరణకు పంపారు. కొండరాయి బోసిపోయింది. రెండేళ్ళకు, 2003 మే నెలలో మళ్ళీ తెచ్చి పాత చోటే నిలబెట్టారు. అంతకాలం అది పడమటి దారి మీద కనిపించక, ఊరికి చేరామో లేదో తెలియనట్టుండేదని ఊరివాళ్ళు అనుకుని ఉంటారు.

* * *

ఇలాంటి పెద్ద బొమ్మలు మన రోడ్ల పక్కనా ఉంటే బాగుంటుందని అనిపించడం సహజం. పలాసలో జీడిపప్పు, గుంటూరులో మిరపకాయ. కట్టడం కష్టం కాదు, టెండరు పిలిస్తే నెలలో కట్టేస్తారు. కానీ బిగ్ నికెల్ గొప్పదనం సైజులో లేదు. దాన్ని ఏ శాఖా మంజూరు చేయలేదు, ఏ నాయకుడి పుట్టినరోజుకూ కట్టలేదు. ఊరికి ఇష్టం లేకపోయినా ఊరి కోసం ఒకడు కట్టాడు. పొగగొట్టాన్ని దాచకుండా, దాని మీద పూలు చల్లకుండా, నాణెం మీద ఎలా ఉందో అలాగే పెట్టాడు. ఊరు ఆ నిజాన్ని భరించడం నేర్చుకున్నాక దాన్ని తనదని చెప్పుకుంది. నా లెక్కలో ప్రపంచంలోని రోడ్డుపక్క వింతలన్నిటిలో ఇదే నిజాయితీ గలది.

టెడ్ సిల్వా 2016లో కన్నుమూశాడు. ఊరి పొలిమేర గీత అంతకు చాలా ముందే జరిగిపోయింది. 2001లో చుట్టుపక్కల పురపాలక సంస్థలన్నీ కలిసి గ్రేటర్ సడ్‌బరీ అయింది. అనుమతి దొరక్క గీత అవతల కట్టిన నాణెం ఇప్పుడు నగరం నడిమధ్యకు దగ్గరగానే ఉంది. ఊరి గురించి అచ్చయ్యే ఏ ఫొటో చూసినా ముందు కనిపించేది అదే. ప్రదర్శనశాలకు పోయే రోడ్డు పేరు కూడా బిగ్ నికెల్ రోడ్.

చదువులకని ఉత్తర అంటారియో వెళ్తున్న మన పిల్లలు ఒకసారి ఆగి చూడండి. చూసేటప్పుడు జేబులోంచి ఐదు సెంట్ల బిళ్ళ తీసి పక్కన పెట్టుకోండి. 2000 నుంచి కెనడా వేస్తున్న ఆ బిళ్ళలో ఉక్కు 94.5 శాతం, రాగి 3.5 శాతం. నికెల్ 2 శాతం, అదీ పైపూతగానే.